మోకీళ్ల అరుగుదల, పాదరక్షలు: భారం తగ్గితే నొప్పి తగ్గినట్టేనా?

సంపాదకులు గారికి,

నమస్కారం. మోకీళ్లు అరిగినవారు చెప్పులు విడిచి నడిస్తే, లేదా వీలైనంత పలుచని అట్ట ఉన్న బూట్లు వేసుకుంటే, కీలు మీద భారం తగ్గి నొప్పి నయమవుతుందని మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఇటీవల ఒక వ్యాసం వచ్చింది. మోకాలి నొప్పితో వచ్చేవారికి నడకా వ్యాయామమూ నేర్పించే ఫిజియోథెరపిస్టుగా ఆ వ్యాసం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. అందులో మొదటి సగం నిజమే. ఉత్త పాదాలతో నడిచినప్పుడు మోకాలి లోపలివైపు పడే భారం తగ్గుతుందని ప్రయోగశాలల్లో కొలిచి చూపించారు. ఆ తగ్గుదల వల్ల నొప్పి కూడా తగ్గి తీరుతుందన్న రెండో సగం మాత్రం, మనుషుల చేత నెలల తరబడి తొడిగించి చూసినప్పుడు నిలబడలేదు. ఈ రెండూ ఒకటే అన్నట్టు రాస్తే, అది చదివి ఉన్న మంచి బూట్లు పక్కన పెట్టేది అప్పటికే నాలుగడుగులు వేయడానికి అవస్థ పడుతున్నవారు. అందుకే కొంత వివరంగా చెప్పవలసి వస్తోంది.

నడిచేటప్పుడు మన పాదం నేలను ఎంత బలంగా తొక్కుతుందో, నేల కూడా పాదాన్ని అంత బలంగానూ పైకి నెడుతుంది. ఒక కాలు గాలిలో ఉండి రెండో కాలు మీదే శరీరమంతా ఆని ఉన్న సమయంలో, శరీరపు గరిమనాభి (ఒంటి బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు) ఆ కాలికి సూటిగా పైన ఉండదు, కొంచెం లోపలికి, అంటే రెండు కాళ్ల నడిమి వైపుకు ఉంటుంది. అందువల్ల నేల నుంచి పైకి వచ్చే బలరేఖ మోకాలి నట్టనడుమ నుంచి కాకుండా, దాని లోపలి పక్కగా సాగిపోతుంది. ప్రతి అడుగులోనూ ఆ బలం మోకాలిని బయటికి విల్లులా వంచాలని చూస్తుంది, కీలులోని లోపలి సగం మీద ఒత్తిడి పెరుగుతుంది. మామూలు నడకలో మోకీలు మోసే బలం శరీర బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది, అందులో సగానికి మించి లోపలి సగమే మోస్తుంది. గుజ్జు అరిగిందని మనం చెప్పుకునే మృదులాస్థి నష్టం ఎక్కువమందిలో లోపలివైపే కనబడటానికి, వయసు మీదపడ్డాక కాళ్లు కొద్దికొద్దిగా దొడ్డికాళ్లుగా మారడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కీలు లోపల నిజంగా ఎంత బలం పడుతోందో తెలియాలంటే సెన్సర్లు అమర్చిన కృత్రిమ కీలు శరీరంలో ఉండాలి. అలాంటివారు ప్రపంచం మొత్తం మీద చాలా కొద్దిమంది. అందుకని పరిశోధకులు కెమెరాల సాయంతో, నేలలో అమర్చిన బలమాపక పలకల సాయంతో, మోకాలిని బయటికి వంచే ఆ బలాన్ని (దీన్ని బలభ్రామకం అంటారు) లెక్కగట్టి, లోపలి భారానికి దాన్నే గుర్తుగా తీసుకుంటారు. ఇది పనికిరాని గుర్తేమీ కాదు. జపాన్ పరిశోధకులు అరుగుదల ఉన్నవారిని ఆరేళ్లపాటు గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, మొదట్లో ఈ వంచే బలం ఎక్కువగా ఉన్నవారికి అరుగుదల ఎక్స్‌రేలో మరింత ముదిరినట్టు తేలింది. దీన్ని తగ్గించగలిగితే వ్యాధి జోరు తగ్గుతుందన్న ఆశ అక్కడి నుంచి బలపడింది. ఆపరేషన్ లేకుండా, మందు బిళ్ల లేకుండా దీన్ని మార్చగల సాధనం కోసం వెతికినప్పుడు అందరి చూపూ సహజంగానే పాదరక్షల మీద పడింది.

పాదరక్ష ఈ బలాన్ని మారుస్తుందన్నదానిలో సందేహం లేదు. 1998లో హార్వర్డ్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న స్త్రీలను ఒకసారి ఎత్తు మడమల బూట్లతోనూ, ఒకసారి ఉత్త పాదాలతోనూ నడిపించి చూశారు. మడమ ఎత్తుగా ఉన్నప్పుడు మోకాలిని వంచే బలం 23 శాతం ఎక్కువైంది. మోకాలి చిప్ప వెనుక ఒత్తిడి కలిగించే బలం కూడా ఎక్కువసేపు నిలిచింది. సన్న మడమే దోషమేమో, వెడల్పు మడమ అయితే ఫరవాలేదేమో అనుకున్నవారికి అదే బృందం 2001లో మరో పరీక్షతో జవాబు చెప్పింది. వెడల్పు మడమతోనూ దాదాపు అంతే పెరిగింది. తర్వాత ఒకటిన్నర అంగుళాల మడమతో చూసినా కొంత పెరుగుదల కనబడింది. కాబట్టి మోకీళ్ల అరుగుదల ఉన్నవారు ఎత్తు మడమలు మానుకోవాలన్న సలహాకు నేను ఏ సవరణా చేయను. ఈ విషయంలో మీ వ్యాసం చెప్పింది సరిగ్గానే ఉంది.

ఉత్త పాదాల సంగతికి వస్తే, షికాగోలోని రష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో మోకీళ్లు అరిగిన 75 మందిని వారు రోజూ వేసుకునే బూట్లతోనూ, బూట్లు విప్పించీ నడిపించారు. విప్పినప్పుడు మోకాలిని వంచే బలం సుమారు 12 శాతం తగ్గింది. అదే విశ్వవిద్యాలయం 2010లో వేర్వేరు రకాల పాదరక్షలను పోల్చి చూసింది. గట్టి అట్టతో, మడమ దగ్గర ఎత్తుగా, పాదాన్ని కదలనివ్వకుండా పట్టి ఉంచే బూట్లతో భారం ఎక్కువగా ఉంది. పలుచగా వంగే బూట్లు, వేలిసందు రబ్బరు చెప్పులు దాదాపు ఉత్త పాదాలతో సమానంగా నిలిచాయి. పాదం లోపలి వంపు కింద ఎత్తు పెట్టే ఇన్‌సోళ్లు, అంటే బూటు లోపల పాదం కింద వేసుకునే మెత్తలు కూడా మోకాలి మీద ఈ బలాన్ని కొద్దిగా పెంచుతాయని మరొక అధ్యయనం చూపింది. సౌకర్యం కోసం మనం ఇష్టంగా కొనుక్కునే చాలా బూట్లు ఈ ఒక్క కొలత దగ్గరికి వచ్చేసరికి వెనకబడ్డాయి. మీ వ్యాసం ఇక్కడితో ఆగిపోయింది. అసలు కథ దీని తర్వాతే ఉంది.

కొలత మారినంత మాత్రాన రోగికి మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు మొదటి గట్టి పరీక్ష ఇన్‌సోళ్ల రూపంలో వచ్చింది. బూటులో బయటి అంచు వైపు ఎత్తుగా, లోపలికి వచ్చేసరికి పలుచగా ఉండే వాలు ఇన్‌సోల్ పెడితే బలరేఖ మోకాలి నడిమికి జరుగుతుందన్న ఆలోచన 1980ల్లో జపాన్‌లో మొదలైంది. ఆలోచన తార్కికమైనదే, వంచే బలం కొన్ని శాతాలు తగ్గడమూ నిజమే. కానీ ఆస్ట్రేలియాలో 200 మందిపై ఏడాదిపాటు జరిగి 2011లో వెలువడిన పరీక్షలో, అయిదు డిగ్రీల వాలు ఇన్‌సోల్ వాడినవారికీ, మామూలు చదును ఇన్‌సోల్ వాడినవారికీ మధ్య నొప్పిలో గాని, ఎంఆర్ఐలో కొలిచిన మృదులాస్థి పరిమాణంలో గాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2013లో ఇలాంటి 12 పరీక్షల ఫలితాలను కలిపి విశ్లేషించినప్పుడు, చదును ఇన్‌సోళ్లతో పోల్చిన పరీక్షలు మాత్రమే తీసుకుంటే వాలు ఇన్‌సోళ్ల ప్రయోజనం కనిపించకుండా పోయింది. భారాన్ని తగ్గించేలా అడుగుభాగాన్ని ప్రత్యేకంగా తయారుచేసిన బూట్లను మామూలు నడక బూట్లతో పోల్చిన 2016 నాటి పరీక్షలో రెండు జట్లవారికీ నొప్పి కొంత తగ్గింది, అయితే ప్రత్యేకపు బూట్లకు అదనపు గొప్ప ఏదీ తేలలేదు.

మీ వ్యాసానికి సూటిగా జవాబిచ్చేది 2021లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన పరీక్ష. అరుగుదల బాగా ఉన్న, 50 ఏళ్లు దాటిన 164 మందిని ఎంచుకుని, లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పలుచగా, చదునుగా, సులువుగా వంగే బూట్లు ఇచ్చారు. రెండో జట్టుకు గట్టిగా నిలిచి పాదానికి ఆసరా ఇచ్చే బూట్లు ఇచ్చారు. రోజుకు కనీసం ఆరు గంటల చొప్పున ఆరు నెలలు వేసుకోమన్నారు. మోకాలి భారం లెక్క ప్రకారమైతే మొదటి జట్టు గెలవాలి, పరిశోధకులు మొదట ఊహించిందీ అదే. గెలిచింది రెండోది. నడకలో నొప్పి గుర్తించదగినంత తగ్గినవారు ఆసరా బూట్ల జట్టులో 58 శాతం ఉండగా, పలుచని బూట్ల జట్టులో 40 శాతమే ఉన్నారు. మోకాలి నొప్పి పెరగడం, పాదంలోనో మడమలోనో కొత్త నొప్పి రావడం లాంటి ఇబ్బందులు పలుచని బూట్లు వేసుకున్నవారిలో 32 శాతానికి కలిగితే, ఆసరా బూట్లవారిలో 15 శాతానికే కలిగాయి. తాము ఊహించినదానికి ఎదురుగా వచ్చిన ఫలితాన్ని ఉన్నదున్నట్టు ప్రకటించిన ఆ పరిశోధకుల నిజాయితీని ఇక్కడ తలచుకోకుండా ఉండలేను.

ఒక మాట చెప్పాలి. పలుచని బూట్లతో ఎవరికీ మేలు జరగలేదని దీని అర్థం కాదు. బ్రెజిల్‌లో వయసు పైబడిన స్త్రీలకు వంగే గుణమున్న సాదా బూట్లు ఆరు నెలలు ఇచ్చి చూసినప్పుడు నొప్పి తగ్గింది. కానీ అక్కడ పోల్చింది తమ పాత పాదరక్షలతోనే కొనసాగినవారితో. రెండు రకాల బూట్లను ఎదురెదురుగా నిలబెట్టి చూసిన పరీక్షకు, కొత్తదాన్ని పాత అలవాటుతో పోల్చిన పరీక్షకు ఉన్న ఈ తేడాను ఆరోగ్య వార్తలు రాసేవారు ఎప్పుడూ గుర్తుంచుకోవాలని నా అభ్యర్థన.

భారం తగ్గినా నొప్పి ఎందుకు తగ్గలేదు? నాకు తోచిన, చాలామంది నిపుణులు కూడా అంగీకరించే కారణాలు కొన్ని ఉన్నాయి. మనం కొలుస్తున్న వంచే బలంలో కండరాల పాత్ర లెక్కకు రాదు. కాలు నిలకడగా లేదని అనిపించినప్పుడు తొడ ముందరి కండరాలూ వెనుక కండరాలూ ఒకేసారి బిగుసుకుంటాయి. ఆ బిగింపు కీలును రెండువైపుల నుంచీ నొక్కుతుంది, ఈ నొక్కుడు కెమెరాలకు చిక్కదు. పైగా నొప్పి అన్నది మృదులాస్థి నుంచి పుట్టేది కాదు, దానిలో నరాలే లేవు. దాని కింది ఎముకా, కీలు చుట్టూ ఉండే పొరా, చుట్టుపక్కల కండరాలూ కలిసి నొప్పిని పుట్టిస్తాయి. భారమూ నొప్పీ ఒక జంటగా నడవవని 1990ల్లోనే ఇంకో వైపు నుంచి తెలిసింది. నొప్పి మందు వేసుకున్న రోగుల నడకను కొలిస్తే, నొప్పి తగ్గినకొద్దీ వారు ధైర్యంగా అడుగు వేయడం వల్ల మోకాలి మీద భారం పెరిగింది.

నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ సంగతి ఇక్కడ చెబితే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. ఎక్కడో చదివి, తన పాత నడక బూట్లు మానేసి, చేత్తో మడిచి సంచిలో పెట్టుకోగలిగేంత పలుచని గుడ్డ బూట్లు కొనుక్కున్నారు. గోడవైపు పట్టుకమ్మీ ఉన్న చోట ఒంటికాలి మీద నిలబడమని అడిగాను. ఆ బూట్లలో పాదం అటూ ఇటూ ఊగింది, వేళ్లు గుడ్డ మీద నుంచే కనిపించేంతగా ముడుచుకుని నేలను పట్టుకోవాలని చూశాయి, చేయి వెంటనే కమ్మీ మీదికి పోయింది. "మోకాలి మాట దేవుడెరుగు తల్లీ, ఇప్పుడు పొద్దున్నే లేచి మడమ ఆనించలేకపోతున్నాను," అన్నారు ఆవిడ. పాత బూట్లు తెప్పించి తొడిగిస్తే అదే కాలి మీద కమ్మీ పట్టుకోకుండా నిలబడగలిగారు. ఒక్కరి అనుభవంతో ఏదీ రుజువు కాదు. కానీ మెల్‌బోర్న్ పరీక్షలో 32 శాతమన్న అంకె వెనుక ఎలాంటి మనుషులు ఉంటారో అది చూస్తే అర్థమవుతుంది.

ఇంకా గట్టిగా చెప్పవలసింది మధుమేహం ఉన్నవారి గురించి. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్న చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. అలాంటివారు ఉత్త పాదాలతో నడిస్తే ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ లేచినా, కాలినా తెలియదు, తెలిసేసరికి పుండు పడుతుంది. పాదాల్లో తిమ్మిరి ఉన్నవారు ఇంట్లో కూడా పాదరక్ష లేకుండా నడవవద్దని మధుమేహ వైద్యులు చెబుతారు. మోకీళ్ల అరుగుదలా మధుమేహమూ రెండూ ఉన్నవారు పెద్ద వయసులో చాలామంది ఉంటారు. మోకాలి భారం 12 శాతం తగ్గుతుందన్న ఆశతో వారు చెప్పులు విడిస్తే పోగొట్టుకునేది పాదాన్నే కావచ్చు. మీ వ్యాసంలో ఈ హెచ్చరిక ఒక్క వాక్యంగానైనా లేకపోవడం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది.

తూలి పడిపోయే ప్రమాదం ఉన్నవారి సంగతీ అంతే. మడమ వెనుక పట్టు లేని చెప్పులు భారం కొలతలో మంచి మార్కులు తెచ్చుకున్నా, వయసు పైబడినవారు మెట్ల మీదా, తడి నేల మీదా జారిపడే ప్రమాదాన్ని అవి పెంచవచ్చు. ఇక అరుగుదల బయటివైపు ఉండి, మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు లోపలికి వంగినవారికి ఈ లెక్కలేవీ వర్తించవు. నేను పైన చెప్పిన ఇన్‌సోళ్ల ఆలోచనా, ఆసరా బూట్ల పరీక్షా లోపలివైపు అరిగినవారిని దృష్టిలో పెట్టుకుని జరిగినవే. ఏ వైపు అరిగిందో నిలబడి తీయించుకున్న ఎక్స్‌రే చెబుతుంది. పడుకుని తీసిన ఎక్స్‌రేలో కీలు సందు ఉన్నదానికంటే ఎక్కువ కనబడవచ్చు.

మరి ఎలాంటి బూట్లు వేసుకోవాలని పాఠకులు అడుగుతారు. పేరు చూసి, ప్రకటన చూసి కాక, చేతిలోకి తీసుకుని చూడాలి. బూటు మడమ వెనుక గోడను బొటనవేలితో నొక్కితే అది చొట్టపడకుండా ఎదురు నిలవాలి. రెండు కొసలూ పట్టుకుని వంచితే వేళ్లు మొదలయ్యే చోట వంగాలి, నడుమ మడతపడకూడదు. తడిగుడ్డ పిండినట్టు మెలిపెడితే అంత తేలిగ్గా మెలి తిరగకూడదు. మడమ ఎత్తు, ముందు భాగం కంటే కొంచెమే ఎక్కువ ఉండాలి. లేసులో, పట్టీలో ఉండి పాదం మీద సరిగా బిగించుకునే వీలుండాలి. పాత జతను బల్ల మీద పెట్టి వెనుక నుంచి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మడమ ఒక పక్కకు ఒరిగిపోయి, ఆ వైపు అట్ట అరిగి, మెత్త నలిగిపోయి ఉంటే ఎంత మంచి బూటైనా మార్చవలసిన సమయం వచ్చినట్టే, ఎందుకంటే ఆ వాలు మీదే మోకాలు రోజంతా నడుస్తోంది. కొత్త జతను మొదటిరోజే పొద్దంతా వేసుకోకుండా, రోజుకు గంటా రెండు గంటల చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఇప్పటికే వేసుకుంటున్న బూట్లతో నొప్పి లేకుండా హాయిగా నడుస్తున్నవారు, అవి పలుచనివే అయినా, ఈ ఉత్తరం చదివి మార్చుకోవలసిన పని లేదు.

మోకాలి భారాన్ని నిజంగా తగ్గించాలని పట్టుదల ఉన్నవారికి పాదరక్షల కంటే నమ్మదగిన దారులు ఉన్నాయి. బరువు ఎక్కువగా ఉన్నవారు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే బలం సుమారు నాలుగు కిలోల మేర తగ్గుతుందని 2005లో ఒక అమెరికన్ అధ్యయనం లెక్కగట్టింది. నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేత్తో, అంటే కుడి మోకాలు నొప్పి అయితే ఎడమ చేత్తో, చేతికర్ర పట్టుకుంటే వంచే బలమూ తగ్గుతుంది, నడక ధైర్యమూ పెరుగుతుంది. చాలామంది కర్రను నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అందువల్ల ఫలితం కనబడక విసిగి మూలకు పెట్టేస్తారు. తొడ కండరాలు బలపడే వ్యాయామం నొప్పినీ తగ్గిస్తుంది, నడక శక్తినీ పెంచుతుంది. అమెరికాలో కీళ్లవ్యాధుల నిపుణుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామాన్నీ, అధిక బరువు తగ్గడాన్నీ, చేతికర్రనూ గట్టిగా సిఫారసు చేశాయి. వాలు ఇన్‌సోళ్లనూ, ప్రత్యేకంగా మార్చిన బూట్లనూ వాడవద్దనే వైపే మొగ్గాయి. బూట్ల ఎంపిక ఈ పనులన్నిటికీ తోడు మాత్రమే. రోజూ వ్యాయామం చేయడానికి బద్ధకించి వెయ్యి రకాల బూట్లు మార్చేవారిని చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది, ఆ తప్పు వారిది కాదు, వారికి అందిన సమాచారానిది.

కాబట్టి మీకు రెండు విన్నపాలు. మొదటిది, మధుమేహం వల్లనో మరే కారణం వల్లనో పాదాల్లో స్పర్శ తగ్గినవారు, తరచూ తూలేవారు ఉత్త పాదాల సలహాను పాటించవద్దని అదే పేజీలో, అదే చోట, కనబడే అక్షరాల్లో ఒక వివరణ ప్రచురించండి. రెండోది, ఇకపై ఏదైనా బూటు గాని, ఇన్‌సోల్ గాని, నడక పద్ధతి గాని మోకాలి భారాన్ని ఇంత శాతం తగ్గించిందని రాసేటప్పుడు, ఆ కొలత కొన్ని అడుగుల నడకలో తీసుకున్నదా, నెలల తరబడి వాడినవారి నొప్పిని అడిగి తెలుసుకున్నదా, దేనితో పోల్చి చూశారన్నది కూడా పాఠకులకు చెప్పండి.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక ఫిజియోథెరపిస్టు